అప్పలరాజు సార్ రక్తపు చుక్క

టాటానగర్ మాంగో పేటలో నేను నడిపే చిన్న ల్యాబ్‌లో, గాజు పలక మీద ఆరిన రక్తంపై ఊదారంగు ద్రావకం పోసినప్పుడు ఘాటైన వాసన లేస్తుంది. పనిచేసే అమ్మాయిలు ముఖం పక్కకి తిప్పుకుంటారు. నాకు మాత్రం ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే పాత రోజు ఒకటి గుర్తొస్తుంది. మా కాలేజీ జీవశాస్త్రం ప్రయోగశాల, కిటికీ పక్క బల్ల, దాని వెనక చొక్కా చేతులు పైకి మడిచి నిలబడ్డ అప్పలరాజు సార్ కళ్ల ముందుకి వస్తారు.

సార్ మా బర్మామైన్స్ పేటలో పుట్టి పెరిగినవారే. ఆయన తండ్రి, మా తాత టాటానగర్ రైల్వేలో కలిసి పనిచేశారు. క్లాసులో హిందీ, ఇంగ్లీషు కలిపి పాఠం చెప్పే సార్, వరండాలో నేనెదురైతే తెలుగులోకి దిగిపోయేవారు. నేను అలవాటుగా హిందీలో జవాబిచ్చేదాన్ని. "ఇంట్లో మీ అమ్మతో కూడా ఇలగే మాటాడతావేటి?" అని నవ్వేవారు. మొదటి ఏడాది జీవశాస్త్రంతో పాటు వేరే విభాగం నుంచి ఒక పేపర్ తప్పనిసరి. నేను వ్యాపార పరిచయం తీసుకున్నానంటే స్నేహితురాళ్లు ఎగతాళి చేశారు, కప్పలకీ కొట్టుకీ ఏం సంబంధమని. సార్ మాత్రం, "మంచిదే తీసుకున్నావు. కష్టంగా ఉందని మానీకు," అన్నారు.

ధైర్యమంటే ఆయనదే అనుకునేవాళ్లం. వానాకాలంలో ఒకసారి ప్రయోగశాలలోకి పాము వచ్చింది. మేమందరం బల్లలెక్కేశాం. ఆయన తాపీగా దాన్ని కర్రతో బకెట్‌లోకి తోసి, మూత పెట్టి, అది ఏ జాతిదో, ఎందుకు విషం లేనిదో చెప్పి, తోట అవతల వదిలేసి వచ్చి పాఠం కొనసాగించారు. అలాంటి మనిషి దేనికైనా భయపడతారని మాకెవరికీ తోచలేదు.

రక్తకణాల ప్రయోగం నాడు సార్ ముందుగా, "ఎవరి వేలు ఇస్తారు?" అని అడిగారు. ప్రతి ఏడాదీ తన వేలే గుచ్చుకుంటారని సీనియర్లు చెప్పారు కాబట్టి మేం ఊహించని ప్రశ్న అది. ఎవరూ లేవలేదు. కాసేపు చూసి, తనే సూది తీసుకుని గుచ్చుకున్నారు. చుక్కని పలక మీద పలచగా పరిచి, ఆరబెట్టి, రంగు వేసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి, ముందు వరసలో ఉన్న నన్ను పిలిచారు.

పుస్తకంలో చూసిన బొమ్మ నా మనసులో ఉంది. ఎర్రకణాలు నిండుగా, మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి తెల్లకణం. నాకు కనబడింది అది కాదు. ఊదారంగు తిరిగిన పెద్ద పెద్ద కణాలు గుంపులుగా కిక్కిరిసి ఉన్నాయి. పలక కొంచెం జరిపాను. అక్కడా అంతే.

"సార్, తెల్లకణాలు చాలా ఎక్కువగా ఉన్నాయి," అన్నాను.

"రంగు ఎక్కువ పట్టుంటుంది, జరుగు," అంటూ ఆయన వంగి చూశారు. చాలాసేపు తల ఎత్తలేదు. అదే వేలు నొక్కి ఇంకో పలక చేశారు. అదీ చూశారు. రెండు పలకలనూ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని, ఇమ్రాన్ అనే కుర్రాణ్ణి పిలిచి, అతని వేలి నుంచి చుక్క తీసి, కొత్త పలక తయారుచేశారు.

"ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం ఇలా ఉంటుంది. ఇది చూసి గీయండి," అన్నారు.

ఆ మాట అర్థమయ్యాక నా చేతిలో పెన్సిలు కదల్లేదు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. గంట మోగేదాకా ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి బొమ్మలు దిద్దారు. నా కాగితం తెల్లగా ఉండటం చూసి ముందుకి వెళ్లిపోయారు. బయటికి వచ్చాక మాత్రం, "ఏటమ్మా, బయపడ్డావా?" అని అడిగారు.

"నహీ సార్," అన్నాను.

"తెలుగులో సెప్పు."

చెప్పలేకపోయాను. ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి సార్ సెలవులో ఉన్నారు. రక్తక్యాన్సర్ అని, ఆలస్యంగా బయటపడిందని తెలిసింది. చాలా రోజులు నేను మనుషుల్లో లేను. వ్యాపార పరిచయం క్లాసులో, మీ పేటకి పనికొచ్చే చిన్న వ్యాపారం ఒకటి ఆలోచించి చెప్పమన్నారు. నేను బర్మామైన్స్‌లో రక్తపరీక్షల గది పెడతానన్నాను. ఆ పాఠం చెప్పే మేడమ్ హిందీలో ఒకటే ప్రశ్న వేశారు, "ఏం బయటపడుతుందోనని జనం భయపడే చోటికి వాళ్లెందుకు వస్తారు?"

ఆ ప్రశ్న పట్టుకునే కద్మా పేటలో సార్ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య తలుపు తీశారు. పేరు చెప్పగానే, "నువ్వేనా ఆ పిల్లవి," అన్నారు. తిడతారనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, వంటింట్లో గొంతు తగ్గించి, "ఏడాది బట్టీ నీరసం, జొరం. రగతం పరీచ్చ సేయించుకోండి అని నేను మొత్తుకుంతానే ఉన్నాను. రేపెల్తాను, మాపెల్తాను అనీవోరు. ఆయన అన్న ఈ జబ్బుతోటే పోయాడు. ఈయనకి బయమమ్మా," అన్నారు.

మైక్రోస్కోపులో చూసిన దానికంటే ఆ మాటకి నేను ఎక్కువ నిర్ఘాంతపోయాను. ఇంతమందికి రక్తం గురించి పాఠం చెప్పిన మనిషి, తన రక్తం చూసుకోవడానికి భయపడి ఏడాది గడిపారు. ఆ రోజు మమ్మల్ని వేలు అడిగింది అందుకే.

సార్ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నారు. సగానికి సగం తగ్గిపోయారు. మేడమ్ అడిగిన ప్రశ్న చెప్పాను.

"రారమ్మా. బయపడినోడు రాడు. నేనెల్లానేటి?" అన్నారు. "మనమే ఆళ్లింటికి ఎల్లాల. ఎల్లి, పక్కన కూకుని, మాటాడి రగతం తియ్యాల."

"సార్, నేను ఆ రోజు అందరి ముందూ చెప్పకుండా ఉండాల్సింది," అన్నాను. ఈసారి తెలుగులోనే.

"నువ్వు సెప్పకపోతే నేనింకా రేపెల్తాననీవోణ్ణి," అన్నారు.

మందులతో కొన్నాళ్లు కోలుకున్నారు. ఒకటి రెండుసార్లు కాలేజీకి కూడా వచ్చి వెళ్లారు. చలికాలం వచ్చేసరికి మందులు పనిచేయడం మానేశాయి. ఆయన పోయిన కబురు నాకు వ్యాపారం క్లాసులోనే అందింది. మేడమ్ పాఠం ఆపేసి మమ్మల్ని పంపేశారు. మెట్ల మీద ఇమ్రాన్ తన వేలు చూసుకుంటూ కూర్చుని ఉన్నాడు.

ఇప్పుడు నా పనిలో సగం ఇళ్లలోనే. మూడుసార్లు వెనక్కి పంపినవాళ్ల గుమ్మం కూడా మళ్లీ తొక్కుతాను. చెడ్డ ఫలితమైతే ఫోనులో చెప్పను, వెళ్లి ఎదురుగా కూర్చుని చెబుతాను. విన్నవాళ్లు తేరుకునేదాకా లేవను. చదువు భయాన్ని పోగొడుతుందని మాత్రం ఎవరికీ చెప్పను, నా వరకు పోగొట్టలేదు కాబట్టి. ఏడాదికోసారి నా రక్తం కూడా ఇస్తాను, నా దగ్గర పనిచేసే అమ్మాయే చూస్తుంది. ఆమె పిలిచేదాకా పక్కగదిలో కూర్చుంటాను. ఆ కాసేపూ నాకు భయమే. ఆ భయాన్ని ఎవరి దగ్గరా దాచను.