ఇరవై రెండు కంచాలు, రెండు సీసాలు

మే నెల మూడో వారం. మధ్యాహ్నం రెండూ పది. పి.గన్నవరం వైపు రేవులో పడవ ఎక్కాను. గోదావరి పాయ సన్నబడి ఉంది. పడవ రెండుసార్లు ఇసుకలో కూరుకుపోతే దిగి నెట్టాం. రెండూ నలభైకి లంకలో కాలు పెట్టాను. సామాను: ఒక ఇనప ట్రంకు, ఒక బెడ్డింగు, ఒక కిట్ బ్యాగు. రేవు నుంచి ఇంటికి నాలుగు వందల పన్నెండు అంగలు. ఎక్కడ దిగినా అంగలు లెక్కపెట్టడం నాకు అలవాటు.

ఇరవై నాలుగేళ్ల సర్వీసు తర్వాత అది నా ఆఖరి పోస్టింగు. ఇల్లు అత్తగారిది. ఊళ్లో వాళ్లు నన్ను ఇల్లరికం మిలట్రీ అంటారు. అననివ్వండి, అందులో అబద్ధం ఏముంది?

నేను తుపాకీ పేల్చిన కథలు చెప్తానని చాలామంది చుట్టూ చేరతారు. నేను సప్లైలో హవల్దారుని. మంచుకొండల మీద పోస్టులకు నవంబరులో దారి మూసుకుపోతుంది, మళ్లీ మేలో తెరుచుకుంటుంది. ఈలోపు అక్కడి మనుషులు తినే బియ్యం, కాల్చే కిరసనాయిలు, మింగే మాత్రలు అన్నీ ముందే పైకి చేరాలి. చేర్చేవాణ్ణి నేను. లెక్క తప్పితే మనిషి పోతాడు. మూడు శీతాకాలాలు చేశాను. ఒక్కరోజు కూడా నా లెక్క తప్పలేదు.

అంత మొనగాణ్ణి కదా. ఆఖరి ఏడాది ఆగస్టులో నేను అక్కడ అరవై మందికి ఆరునెలల సరుకు ఎక్కిస్తుంటే, ఇక్కడ నా భార్య శాంతికి నాలుగు రోజుల ఇన్సులిన్ లేకపోయింది. లంకలోకి వరదొచ్చింది. అధికారులొచ్చి లంక మొత్తాన్నీ హడావుడిగా పడవెక్కించారు. మందు సీసా ఫ్రిజ్‌లో ఉండిపోయింది. నాలుగో రోజున పునరావాస కేంద్రంలో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. అమలాపురం ఆసుపత్రిలో వారం ఉంది. నాకు కబురు అందింది ఆరు రోజుల తర్వాత. ఆ రోజు సిగ్గుపడ్డంత నేనెప్పుడూ సిగ్గుపడలేదు. వారంలో డిశ్చార్జికి అర్జీ పెట్టాను.

నేను ట్రంకు దించిన సాయంత్రమే శాంతి ఆర్డరు వేసింది.

"ఈసారి నేను పడవెక్కనండీ. గోదారొచ్చినా ఇంట్లోనే ఉంటాను. ఏం చేస్తారో చెయ్యండి."

మర్నాడు పొద్దున్న ఐదున్నరకు పని మొదలుపెట్టాను. మా వరుసలో ఆరిళ్లు. మెరక మీద ఉన్నదీ, పై అంతస్తు ఉన్నదీ మాదొక్కటే. ముందటేడు వరద గీత కింది గది గోడ మీద ఇంకా ఉంది. నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాలు. ఆ గీత కింద తిండిగింజ ఒక్కటి కూడా ఉండకూడదని రూలు పెట్టాను. బియ్యం పాతిక కిలోల చొప్పున మూడు డ్రమ్ములు, వేపాకు వేసి మూత బిగించి పై గదిలో పెట్టాను. డాబా మీద వాన నీళ్లకు వెయ్యి లీటర్ల ట్యాంకు, దానికి గుడ్డ వడపోత. గ్యాసు బండలు రెండు. సోలారు లైట్లు మూడు. ఇన్సులిన్‌కి మట్టికుండ, కుండలో తడి ఇసుక, ఇసుక మధ్య స్టీలు డబ్బా, దాని మీద తడిగుడ్డ, పక్కన థర్మామీటరు. మనుషులు ముగ్గురు, అరవై రోజులు. కాగితం మీద రాసి తలుపు వెనక అంటించాను.

మా అత్తగారు మరియమ్మగారికి డెబ్బై దాటాయి. వచ్చిపోయిన వరదలను లెక్కపెట్టడం ఆవిడ ఎప్పుడో మానేశారు. గడపలో కూర్చుని నన్ను చూసి ముసిముసిగా నవ్వేవారు.

నాకు ఆవిడ మీద ఒక ఫిర్యాదు ఉండేది. ఊరంతా ఆవకాయలు పెడుతుంటే ఆవిడ ఒక్క జాడీ కూడా పెట్టలేదు. చింతపండు లేదు, మిరపకాయలు లేవు. ఎండాకాలమంతా కొబ్బరి డొక్కలు, చిప్పలు, ఎండు కమ్మలు ఏరించి పై వరండాలో సగం దాకా పేర్పించారు. నా స్టోరు గదికి చోటు లేకుండా చేశారు.

"అత్తయ్యగారూ, ఈ చెత్త పారేయిద్దామండీ. రెండు బండలున్నాయి కదండీ."

"ఉండనివ్వండి అల్లుడుగారూ. కాళ్లకేమన్నా అడ్డం పడుతున్నాయేంటండీ?"

"మరి ఆవకాయో?"

"అది సత్యవతి పెడతాదండి."

సత్యవతి పక్కింటావిడ. ఆవిడ పెట్టుకుంటే మనకేమిటని నాకు అర్థం కాలేదు. అడగనూ లేదు. అడగడం నాకు చేతకాదు, లెక్కపెట్టడమే చేతనవును.

జూలై వచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు పెరుగుతున్నాయని ఫోన్లు మొదలయ్యాయి. శుక్రవారం పి.గన్నవరం వెళ్లి నాలుగు సీసాల ఇన్సులిన్ అడిగాను. మందుల కొట్టతను రెండే ఇచ్చాడు, మిగతావి సోమవారం వస్తాయన్నాడు. శాంతికి రోజుకి నలభై యూనిట్లు. సీసాకి నాలుగు వందలు. రెండు సీసాలంటే ఇరవై రోజులు. సరే అనుకుని వచ్చేశాను.

శనివారం ఉదయం ఐదూ నలభైకి నీళ్లు రేవు దాటాయి. ఎనిమిదిన్నరకు వీధిలోకి వచ్చాయి. తొమ్మిదీ పావుకి కరెంటు పోయింది. పదిన్నరకు కింది గదిలో మోకాలి లోతు. మేం ముగ్గురం అప్పటికే పైన ఉన్నాం. సామానంతా పైన ఉంది. మెట్ల మీద సుద్దముక్కతో గీత పెట్టి టైము రాశాను. నిజం చెప్పొద్దూ, నా భుజం నేనే తట్టుకున్నాను.

పదకొండింటికి నరసింహం పడవ మా మెట్లకు తగిలింది. నరసింహం మా వరుసలో చివరింటివాడు. చేపలు పడతాడు, ఊరి వాళ్లను రేవు దాటిస్తాడు. పడవలో ఆరుగురు మనుషులు, రెండు మేకలు, ఒక కోళ్ల గంప. దించి మళ్లీ వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. నాలుగు తడవల్లో ఐదిళ్లూ ఖాళీ చేశాడు. వచ్చినవాళ్లెవరూ రావచ్చా అని అడగలేదు. మా అత్తగారు రండి అని కూడా అనలేదు. నీళ్లొస్తే మెరక మీది డాబాకి రావడం ఆ వరుసలో తాతల నాటి పద్ధతట. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

తలలు లెక్కపెట్టాను. పంతొమ్మిది. మాతో ఇరవై రెండు. నోటికి రోజుకి నాలుగు వందల గ్రాముల చొప్పున నా డెబ్బై ఐదు కిలోలు ఎనిమిదిన్నర రోజులకు వస్తాయి. నా అరవై రోజులు ఒక్క పూటలో ఎనిమిదిన్నరయ్యాయి. ఆర్మీలో బలగం అంటే హాజరు పట్టీలో పేర్లు. ఇక్కడ కూడా గడప లోపలి పేర్లే రాసుకున్నాను. పేరుకు హవల్దారుని, మొదటి అంకెలోనే తప్పాను.

ఈ కొత్త లెక్క రాసిన కాగితం పట్టుకుని అత్తగారి దగ్గరికి వెళ్లాను.

"రేపటినుంచి సగం రేషనండీ. ఒంటిపూట గంజి. నేనే కొలిచి ఇస్తాను."

"ఆ కాగితం జేబులో పెట్టుకోండి అల్లుడుగారూ. కిందికెళ్లి జాడీలు అందుకోండి."

వెళ్లాను. పడవలో చివరి తడవ మనుషులు లేరు, సరుకుంది. సత్యవతిగారివి ఐదు ఆవకాయ జాడీలు, వాసెన గుడ్డ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఒకళ్లవి ఎనిమిది బస్తాల బియ్యం. ఒకళ్లవి చింతపండు, మిరపకాయలు, ఉప్పు. ఇంకొకళ్లవి పెసలూ మినుములూ, రెండు డబ్బాల కిరసనాయిలు. నరసింహం ఇంటి నుంచి రెండు గోనెల ఎండు నెత్తళ్ల చేపలు. వేసవిలో ఒక్కో ఇల్లు ఒక్కో వస్తువు అందరికీ సరిపడా సిద్ధం చేస్తుంది. మా ఇంటి వంతు చోటు, నీళ్లు, పొయ్యిలోకి వంటచెరకు. ఇరవై రెండు మందికి వండితే నా బండలు వారం దాటేవి కావు. నేను పారేయిద్దామన్న డొక్కలే రెండు పూటలా మండాయి.

"ఈ సంగతి నాకు ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"మీరు లెక్కల్లో ఉన్నారు కదండీ, కదపడం ఎందుకని ఊరుకున్నాం" అన్నారు సత్యవతిగారు. వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చేస్తాను మరి?

ఆ సాయంత్రం ఆరింటికి నరసింహం నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మ షుగరు మందు ఫ్రిజ్జులో ఉండిపోయిందండీ. ఫ్రిజ్జు నీళ్లలో తేలతందండి."

వాళ్లమ్మ చిట్టెమ్మగారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. తన మందు సంగతి ఎవరికీ చెప్పద్దన్నారట. నా చేతిలో స్టీలు డబ్బా ఉంది. అందులో రెండు సీసాలు. చిట్టెమ్మగారికి రోజుకి ముప్ఫై యూనిట్లట. ఇద్దరు వాడితే రోజుకి డెబ్బై. ఇరవై రోజులు పదకొండవుతాయి. నరసింహం మాట వినపడనట్టు డబ్బా మూత బిగించాను. అది నేను చేశాను. దాచి లాభం లేదు. శాంతి చూసింది.

లోపలికొచ్చి మెల్లగా అంది: "మందు లేకపోతే ఎలా ఉంటాదో నాకు తెలుసండీ. చిట్టెమ్మత్తకి అది తెలియనివ్వకండి."

"పదకొండు రోజుల తర్వాత?"

"పదకొండు రోజుల తర్వాత చూద్దారండి. ముందు మూత తియ్యండి."

ఫోను సిగ్నలు ట్యాంకు పక్కన ఒక్కచోటే వస్తుంది. పి.గన్నవరం ఆసుపత్రి నర్సమ్మగారికి కలిపాను.

"లంక నుంచండీ. పేషెంట్లు ఇద్దరు, సీసాలు రెండు. ఒకటే మందు ఇద్దరికీ వాడొచ్చా? ఓవర్."

"ఓవరేంటండీ! సీసా మీద పేరు చదవండి."

చదివాను. చిట్టెమ్మగారి మందు చీటీ కూడా చదివాను.

"ఆయ్, రెండూ ఒకటేనండి. ఎవరి డోసు వాళ్లదే. సిరంజీలు మాత్రం కలపకండి. పొడిచాక అన్నం తప్పకుండా తినాలండి."

"పడవ ఎప్పుడు పంపుతారండీ?"

"మీది ఆఖరి లంకండి. ఉరవడి తగ్గితే కానీ రాలేరు. పది రోజులు పట్టొచ్చండి."

పది రోజులు. నా దగ్గర పదకొండు. మంచుకొండల మీద కూడా అంత సన్నటి గట్టు మీద నేను నడవలేదు.

రోజూ ఉదయం ఏడింటికి, సాయంత్రం ఏడింటికి ఇంజెక్షన్లు. సిరంజీలకు ఎర్రదారం శాంతిది, పచ్చదారం చిట్టెమ్మగారిది. ఏడుంబావుకి ఇద్దరికీ అన్నం. గంటగంటకూ ఇసుక తడిపాను. థర్మామీటరు ఇరవై ఏడు దాటలేదు. ఆరో రోజున నీళ్లు ఇంకో మెట్టెక్కాయి, గీత జరిపాను. మిగతావాళ్లు పొద్దున్న వంట, మధ్యాహ్నం పేకాట, సాయంత్రం ప్రార్థన. ప్రార్థనలో సత్యవతిగారు తమ దేవుడి పాట కూడా ఒకటి పాడేవారు, ఎవరి వంతు వాళ్లది. ఎనిమిదో రోజున ఫోనులో చార్జింగు అయిపోయింది. సోలారు లైట్లు కూడా ముసురుకి సొమ్మసిల్లాయి. సీసా ఎత్తి వెలుతురులో చూశాను. రెండు వందల నలభై. మూడు రోజులకు పైచిలుకు. ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. శాంతి మాత్రం తిన్నది, చిట్టెమ్మగారికి కొసరి కొసరి పెట్టి మరీ తిన్నది. నా భార్యకంటే ధైర్యవంతుల్ని నేను ఏ పోస్టులోనూ చూడలేదు.

తొమ్మిదో రోజు ఆదివారం. పదకొండూ ఇరవై ఐదుకి మోటారు చప్పుడు వినిపించింది. సహాయం పడవ. నలుగురు కుర్రాళ్లు, నర్సమ్మగారు, ఐసు పెట్టె. కుర్రాళ్ల నాయకుడు దూరం నుంచే అరిచాడు.

"ఎవరికైనా సీరియస్సుగా ఉందాండీ? తిండి తిని ఎన్ని రోజులయింది?"

మా అత్తగారు మెట్ల మీదికి వచ్చారు. "ముందు కాళ్లు కడుక్కోండి బాబూ, అన్నం పెడతాను."

చుట్టూ గోదారి. అందులో నిలబడ్డ మనిషిని కాళ్లు కడుక్కోమంటున్నారు. వాళ్లు నిజంగానే కడుక్కుని ఎక్కారు. పొద్దున్న నుంచి వాళ్లు ఏమీ తినలేదట. వేడన్నం, నెత్తళ్ల పులుసు, ఆవకాయ. నాయకుడు మూడుసార్లు మారు వడ్డించమన్నాడు.

నర్సమ్మగారు ఇద్దరికీ వేలు పొడిచి చూశారు. శాంతికి నూట నలభై రెండు. చిట్టెమ్మగారికి నూట అరవై. మిషను పాడయిందేమోనని మళ్లీ చూశారు. అవే అంకెలు.

"క్యాంపులో వాళ్లకంటే మీరే బాగున్నారండీ. ఎలా చేసేరు?"

నేను నోరు తెరిచేలోపు చిట్టెమ్మగారు శాంతి చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు. నేను వెనక్కి తిరిగి ట్యాంకులో నీళ్లెన్నున్నాయో చూడ్డానికి వెళ్లాను. ఉన్న నీళ్లు ఉన్నట్టే ఉన్నాయి. నా కళ్లలోనివే ఆగలేదు.

పన్నెండో రోజున నీళ్లు వీధి దిగాయి. ఇళ్లలో మోకాలి లోతు ఒండ్రు. ఎవరి పార వాళ్లు పట్టుకుని ఎవరింటికి వాళ్లు వెళ్లారు. వెళ్తూ వెళ్తూ మా మెట్లు మాత్రం అందరూ కలిసి కడిగారు. ఆ సాయంత్రం అత్తగారు తలుపు వెనక కాగితం చింపి నా చేతిలో పెట్టారు.

"వచ్చే ఏడు నుంచి మందులు మీ వంతండి అల్లుడుగారూ. వరుస మొత్తానికి."

ఇరవై నాలుగేళ్లలో వచ్చిన ప్రమోషన్లన్నీ కలిపినా నాకంత గర్వం కలగలేదు. కొత్త కాగితం మీద మొదటి అంకె ఇరవై రెండు అని రాశాను.

ఇన్నాళ్లయినా ఒక్కటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. ఆ ఆదివారం సహాయం పడవ తిరిగి వెళ్లడం. వాళ్లు తెచ్చిన పులిహోర పొట్లాలు మా అత్తగారు దించనివ్వలేదు. పక్క లంకకు పట్టుకెళ్లమన్నారు. వాటి పక్కన అన్నం గుండిగ పెట్టించారు. దాని పక్కన రెండు ఆవకాయ జాడీలు, ఒక గోనెడు నెత్తళ్లు, యాభై కొబ్బరికాయలు. పడవ అంచు కింద ఒక ఎర్రగీత ఉంది. మా మెట్లకు వచ్చినప్పుడు అది నీటికి జానెడు పైన ఉంది. మోటారు అందుకుని పాయలోకి మళ్లినప్పుడు చూశాను, ఎర్రగీత మునిగిపోయింది.