వాన లేకుండా కారిన ఇల్లు

ఆ రోజుల్లో కంచరపాలెంలో ఇల్లు శుభ్రంగా ఉందో లేదో తెలియాలంటే బోర్లించిన కంచం ఎత్తి చూస్తే చాలు. పోర్టు నుంచి గాలికి వచ్చిన బొగ్గు పొడి చుట్టూ నల్లగా పరుచుకుని, కంచం ఉన్నచోట మాత్రం తెల్లటి గుండ్రం మిగిలేది. కొత్త కోడలిని, నాకు పౌరుషం ఎక్కువ. (చదువు మాత్రం సంతకం దగ్గరే ఆగింది. ఇది నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.) గోడకీ కప్పు మీది ఇనప రేకులకీ మధ్య చుట్టూ జానెడు సందు ఉండేది, పొడి వచ్చేది అందులోంచే. మా ఆయన పనికీ, అత్త చేపల బజారుకీ వెళ్లాక అటకెక్కి, ఆ సందంతా గోనెసంచులు కుక్కి మూసేశాను. అటక మీద చీకటి, ఎవరికీ కనబడలేదు. ఇల్లు శుభ్రంగా ఉందని వాళ్లు మెచ్చుకున్నాక చెబుదామనుకున్నాను.

చలికాలం. నాలుగో రోజు పొద్దున్నే పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే రేకుల నుంచి టపటపా చుక్కలు. బయట వాన లేదు. అటక మీదేమో అత్త ఎండుచేపల బుట్టలు. ఆ చలికాలమంతా ఆవిడ అమ్ముకోవాల్సిన సరుకు అదే.

"ఒరేయ్, రేకులు కారతన్నాయిరా! నా సేపలు బూజట్టిపోతే బజార్లో నిన్నెట్టి అమ్మాల!"

"వానే నేదు కదే అమ్మా, ఏటి కారతాది?"

"నన్నడుగుతావేటి? రేకులేసింది నువ్వు!"

మా ఆయన వెల్డరు. ఆ మాట బాగా తగిలింది. ఆదివారం తారు కాచి, పైకెక్కి మేకుల చుట్టూ పూశాడు. మర్నాడూ కారింది. రెండో ఆదివారం రేకుల అతుకులన్నీ పూశాడు. ఇంకా ఎక్కువ కారింది. మూడో ఆదివారం ఒంటికి కూడా పూసుకున్నాడు, అది కావాలని కాదు.

ఆ మర్నాడు అన్నం మూత తీశాను. మూత అడుగు నుంచి వేడి చుక్కలు చేతి మీద పడ్డాయి. మూత వంకా, రేకుల వంకా మార్చి మార్చి చూశాను. ఇంటికి నేను మూత పెట్టాను. అందరూ వెళ్లేదాకా ఆగి, సంచులన్నీ పీకి, అప్పుడే బూజు పడుతున్న రెండు బుట్టల చేపలు ఎండలో పోశాను. రెండు రోజుల్లో చుక్క ఆగిపోయింది.

"సూసినావేటే, నా తారు?" అన్నాడు మా ఆయన, నడుం మీద చేతులు పెట్టుకుని.

"సూసినాను మావా."

అత్త బజారంతా చెప్పింది, మా వోడు పూత్తే సుక్క కారదని. వీధిలో వాళ్లు వరస కట్టారు. పైసా పుచ్చుకోకుండా ఆయన ఆదివారాలన్నీ వాళ్ల కప్పులకే పోయాయి. మా కంచం కింద తెల్లటి గుండ్రం మళ్లీ వచ్చింది.

"ఊడవడం రాదేటే నీకు?" అంది అత్త.

సంచుల మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు పక్కింటి కప్పు మీద ఆయన తారు పూస్తూ, గొంతెత్తి పాడుకుంటున్నాడు. చీపురు తీసుకున్నాను.

ఏళ్ల తర్వాత, ఆయన కాలం చేశాక, రేకులు తీసి శ్లాబు వేయించాం. వంటింటి గోడకి పైన సందు వదలమని మేస్త్రీతో పట్టుబట్టాను. ఎందుకని కోడలు అడిగితే, మీ మావ చెప్పాడన్నాను. ఇప్పుడు అది పెన్ను ఆపి నా వంక చూస్తోంది.

"రాయే," అన్నాను. "తారు మంచిదేనని కూడా రాయి."