తోక లేని ట్రాక్టర్

నా చిన్నప్పుడు మా ఊరంతా పగలబడి నవ్వుకున్నది మా ట్రాక్టర్‌ను చూసే. మా బాపు దుబాయిలో ఏళ్ల తరబడి ఎండలో మాడి, తిరిగొచ్చి కొన్న చిన్న ట్రాక్టర్ అది. కోరుట్ల వైపు ఊళ్లలో అప్పటికి పెద్ద ట్రాక్టర్లే అరుదు. ఇదేమో ఇరుకు మడుల్లో, పసుపు చేలల్లో ఎద్దుల జోడులాగా సులువుగా తిరిగేది. బాపు దాని మీద ఈగ కూడా వాలనిచ్చేవాడు కాదు.

ఉత్త ట్రాక్టర్‌తో ఏం లాభం, వెనక తగిలించే పనిముట్లు కావాలి కదా. వాటి కోసం బాపు, తాత కోరుట్లకు బయలుదేరితే నేనూ ఏడ్చి గీపెట్టి ఎక్కాను. తాత దుకాణంలో ఒక్కోదాన్నీ తట్టి, వంగి చూశాడు. పొడి దుక్కికి నాగళ్లు, పసుపుకు బోదెలు తోలే నాగలి, నాట్లకు ముందు దమ్ము చేసే ఇనుప చక్రాలు తీసుకున్నాడు. దుకాణదారు ట్రాలీల వైపు చెయ్యి చూపగానే వద్దని తిరిగొచ్చేశాడు. బాపు ఆశంతా ఆ ట్రాలీ మీదే. అదొక్కటుంటే వడ్లు, ఇటుకలు, పెళ్లి జనం, ఏడాది పొడవునా కిరాయిలే.

అక్కడితో ఆగాడా ముసలాయన! వచ్చే దారిలో వెల్డింగ్ దుకాణం దగ్గర బండి ఆపించి, ట్రాలీ తగిలించే కొక్కేన్ని మొదలంటా కోయించేశాడు. నాగళ్లకు ఆ కొక్కెంతో పని లేదు, అవి ట్రాక్టర్ వెనక పైకెత్తే ఇనుప చేతులకు తగులుతాయి. బాపుకు మాత్రం కన్నకొడుకు కాలు తీసేసినట్టయింది.

“గిదేం పనే నాయినా! కొత్త బండిని కుంటిదాన్ని జేస్తివి గదనే!”

“కుంటిదైతే ఇంటికాడనే ఉంటది తియ్యి,” అన్నాడు తాత. ఊళ్లో దానికి తోక లేని ట్రాక్టర్ అని పేరు పెట్టారు. బడిలో నన్నూ ఆ పేరుతోనే ఏడిపించేవాళ్లు.

ఆ రోజులు ఎలాంటివో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. పగలు పోలీసులు వచ్చేవాళ్లు, చీకటి పడితే అన్నలు, అంటే నక్సలైట్లు వచ్చేవాళ్లు. ఎవరింట్లో ఏముంటే అది అడిగేవాళ్లు. అన్నలకు అన్నం పెట్టారని పోలీసులు కొట్టేవాళ్లు, పోలీసులకు మంచినీళ్లిచ్చారని అన్నలు నిలదీసేవాళ్లు. ఉండీ లేదంటే ఇద్దరూ బతకనివ్వరు.

మరుసటి ఏడు ఎదురింటి కాక ట్రాలీతో సహా ట్రాక్టర్ కొన్నాడు. బంగారంలాంటి మనిషి. మా పసుపు కూడా ఆయనే మెట్‌పల్లి మార్కెట్‌కు చేర్చేవాడు. తాత ఆయన్ను పిలిచి, నువ్వు కూడా ఆ కొక్కెం తీయించుకో అని చెప్పాడు. “నీ బుగులు నాకెందుకు పెద్దబాపు, నేనెవ్వని జోలికి పోయిన?” అని కాక నవ్వాడు.

ఒక ఎండాకాలం పొద్దున గుట్ట వైపు నుంచి తుపాకుల చప్పుడు వినిపించింది. కాసేపటికి పోలీసులు మా వాకిట్లోకి వచ్చారు. గుట్ట దగ్గర శవాలున్నాయి, జగిత్యాల ఆసుపత్రికి మోయాలి, బండి తియ్యమన్నారు. ట్రాలీ లేదంటే ఎవరిదైనా తెచ్చి తగిలించమన్నారు. వెనక్కి పోయి చూస్తే తగిలించడానికి ఏమీ లేదు. ఒకాయన కోపం పట్టలేక బాపు చెంప పగలగొట్టాడు. తర్వాత వాళ్లు బజారు దాటి ఎదురింటికి పోయారు.

కాక ట్రాలీ ఊళ్లో నుంచే తిరిగొచ్చింది. అందులో ఇద్దరిని పడుకోబెట్టి, పైన కాక వడ్లకు వాడే గోనె సంచులే కప్పారు. ఒకడు మా పొలంలో నాట్లేసే అవ్వ కొడుకు, ఏడాది కింద ఇల్లు విడిచి అన్నల్లో కలిసినవాడు. ఆమెకు ఎవరు చెప్పారో, వరి కోస్తున్న కొడవలితోనే ఉరికొచ్చి ట్రాలీ వెంట పడింది. “ఒక్కసారి మొఖం సూపియ్యి కొడుకా, ఒక్కసారే!” అని బండి తోలుతున్న కాకను చూసి అరుస్తూ ఊరు దాటేదాకా ఉరికింది. కాక పక్కన తుపాకీ పట్టుకుని ఒకడు కూర్చున్నాడు. బండి ఆగలేదు.

శవాన్ని మోసినదాంట్లో మా దగ్గర గింజ పోయరు. కాక ట్రాలీని ఎన్నిసార్లు కడిగినా, పసుపునీళ్లు చల్లినా, ఒక్కరు కూడా పంట ఎక్కించలేదు. కొన్నాళ్లకు అన్నలు వచ్చారు. పోలీసులకు బండెందుకు తోలినవని నిలదీసి, వాకిట్లోనే తగలబెట్టారు. కాక బతిమిలాడలేదట, “కాలనియ్యుండ్రి” అన్నాడట. ఆ తర్వాత ఆయన మనిషి కాలేదు, అన్నం ముందు పెట్టినా ఆ తల్లి అరుపే వినబడుతోందనేవాడు. అట్లాగే మంచం పట్టి పోయాడు.

ఆయన దినాలైన రోజు బాపు మా ట్రాక్టర్ వెనక చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. తాత పక్కన కూర్చున్నాడు. నేను పోయి, నీకు ముందే ఎట్లా తెలుసు తాతా అని అడిగాను. పొగిడితే సంతోషిస్తాడనుకున్నాను.

“ఏదన్న కొంటే అది మనకేం జేస్తదో అందరు సూస్తరు బిడ్డా. దాన్ని సూసి మనతోని ఎవడేం జేయించుకుంటడో గది సూడాలె. నేను గది సూసిన,” అన్నాడు. ఎదురింటి వాకిలి వైపు చూసి, “గని పనైతే ఆగలే. ఎదురింటికి పోయింది,” అన్నాడు.

ఇప్పుడు మా కొడుకులు ట్రాక్టర్‌కైనా ఇంటికైనా ఏం కొన్నా నన్ను అడుగుతారు. దాన్ని చూసి మనతో ఎవడేం చేయించుకుంటాడో చూడాలని తాత చెప్పిన మొదటి మాట చెబితే బుద్ధిగా తలూపుతారు. మన తెలివితో మనం తప్పించుకున్నప్పుడు, అది ఎవరి వాకిట్లోకి పోయిందో కూడా చూడండిరా అంటే మాత్రం, ఈ ముసల్ది మళ్లీ మొదలుపెట్టింది అనుకుంటారు. అనుకోనీ. నాకు మాత్రం ఇంట్లో ఏ ఆపద తప్పినా, ముందు ఎదురింటి తలుపు వైపే కళ్లు పోతాయి.