పక్కింట్లో కుట్టుమిషను

ఉపకారవేతనాల ఆఫీసులో అతన్ని అందరూ భూతద్దం అనేవారు. కాలేజీ చదువుకు ప్రభుత్వ సాయం కోరిన పిల్లల ఇళ్లకు వెళ్లి, వాళ్లది నిజంగా లేమేనా అని తేల్చడం ఇరవై ఏళ్లుగా అతని పని. దాచిన సంపాదన బయటపడితే దరఖాస్తు అక్కడికక్కడే కొట్టేస్తాడు. ఎవరి కన్నీళ్లనూ నమ్మడు. గోడల్నీ నేలనీ నమ్ముతాడు.

ఆ రోజు, కూలిపని అని రాసిచ్చిన ఒక తల్లి ఇంట్లో, కిటికీ దగ్గర నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు కనిపించాయి. చుట్టూ దారప్పోగులు.

"ఇక్కడేముండేదమ్మా?"

"పాత బల్లండీ. విరిగిపోయింది," అందామె కూతురి వంక చూడకుండా.

'నా దగ్గర నీ పప్పులుడకవు' అనుకుంటూ అతను తిన్నగా పక్కింట్లోకి నడిచాడు. మూలనున్న దుప్పటి ఎత్తితే కుట్టుమిషను!

పక్కింట్లోనే ఉంటుందని అతనికి తెలియకేం? తన కాలేజీ చదువు కోసం వాళ్లమ్మ కూడా మిషను పక్కింట్లోనే దాచింది. ఆనాటి అధికారి అక్కడికీ వచ్చి, దుప్పటి ముసుగేసిన మిషను ముందే నిలబడి, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు. ఎంత వెర్రిబాగులవాడో అని అతను ఇన్నేళ్లూ నవ్వుకున్నాడు.

ఇప్పుడు, దుప్పటి అంచు చేతిలో ఉండగా, మొదటిసారి ఆ వెర్రితనం మీదే అనుమానం వచ్చింది.

దుప్పటి మళ్లీ కప్పేశాడు.

"కాసిని మంచినీళ్లివ్వండమ్మా," అన్నాడు.