మూడుసార్లు జాడించిన సీసాలు

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ నురగక్క అనే పిలిచేవారు. పంతొమ్మిదేళ్లుగా మోచేతుల దాకా సబ్బు నురగలో ఉండే మనిషికి అంతకన్నా తగిన పేరు ఎవరికీ తోచలేదు. ఆమె కూడా ఏమీ అనుకునేది కాదు. "అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటే చాల్లే" అని నవ్వేసేది.

సీసాలు కడిగే గది పొడవుగా, ఇరుగ్గా ఉండేది. రెండు తొట్లు, ఒక కుళాయి, సీసాలు బోర్లించే ఇనుప చట్రం. పక్క గదిలో డాక్టరమ్మ గుర్రాల జబ్బు ఒకదాని మీద పని చేసేది. కంటికి ఆనని పురుగు మేతతోపాటు గుర్రం కడుపులోకి వెళ్లి, అక్కడి నుంచి వెన్నుపాములోకి చేరుతుంది. నిన్నటి దాకా దౌడు తీసిన గుర్రం, వెనక కాళ్లు ఎక్కడ పడుతున్నాయో తెలియక తూలిపోతుంది. ఆ పురుగులను చిన్న చిన్న గుంటలున్న పలకల్లో పెంచి, వాటి మీద కొత్త మందు పోసి చూడటం డాక్టరమ్మ పని. మందు కలిపేది నురగక్క కడిగిన గాజు సీసాల్లో.

ఈ సంగతులన్నీ నురగక్క చెవులు రిక్కించి వినడానికి కారణం ఉంది. ఊరి చివర స్వారీ నేర్పే చోట ఆమె అన్నయ్య గుర్రాలను చూసుకుంటాడు. పుట్టినప్పటి నుంచి అతని చేతుల మీద పెరిగిన చుక్క అనే ఆడగుర్రానికి ఈ జబ్బే పట్టుకుంది. ఉన్న మందులన్నీ వాడారు. నాలుగు రోజులు తేరుకున్నట్టే తేరుకుని మళ్లీ మొదటికొచ్చింది.

కొత్త మందు పోసిన గుంటల్లో పురుగులన్నీ చచ్చిపోయాయని తెలిసిన రోజు డాక్టరమ్మ కడిగే గదికి వచ్చి మరీ చెప్పింది. త్వరలో ఎనిమిది గుర్రాలకు ఇచ్చి చూస్తారట. అందులో చుక్క కూడా ఉందట. నురగక్క తడి చేతులతోనే ఫోన్ తీసింది.

"నిజమేనా చెల్లీ? నా మీద ఒట్టేసి చెప్పు" అన్నాడు అన్నయ్య.

"ఒట్లెందుకు అన్నయ్యా, డాక్టరమ్మే చెప్పిందంటుంటే!"

రెండు వారాలు గడిచాయి. ఒక ఉదయం, మందు కలిపే సీసా ఒకటి అడుగున కాస్త ద్రవంతో కడగడానికి వచ్చింది. పురుగులకు పోసే ఆ ద్రవం ఎప్పుడూ ఎర్రగా ఉంటుంది. సబ్బు తగిలితే ముదురు గులాబీకి తిరుగుతుందని ఆమెకు ఏనాడో తెలుసు. ఇది గులాబీగా ఉంది.

మూడు నెలల కిందట స్టోరు వాళ్లు సబ్బు మార్చారు. కొత్తదానికి నురగే రాదు. అప్పుడామె మణికట్టు నొప్పితో అల్లాడుతోంది. నురగే లేనప్పుడు ఇంకా పోవాల్సిందేముందిలే అనుకుని, ఏడుసార్లు జాడించాల్సిన సీసాలను మూడుసార్లతో సరిపెట్టింది. ఇది ఒకరికి చెప్పాల్సిన విషయమని కూడా అనిపించలేదు.

ఇప్పుడు రెండు సీసాలు తీసుకుంది. ఒకటి మూడుసార్లు, ఇంకొకటి ఏడుసార్లు జాడించి ఆరబెట్టింది. పారబోయమని పెట్టిన పాత ద్రవం రెండింట్లోనూ పోసింది. ఏడుసార్లు జాడించిన సీసాలో రంగు మారలేదు. మూడుసార్లు జాడించినది చూస్తుండగానే గులాబీ అయింది.

మూడు రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. నాలుగో రోజు అన్నయ్య ఫోన్ చేసి, "ఎలాగైనా ఆ మందు పడేదాకా నిలబెడతాను దాన్ని" అన్నాడు. ఆ మాటతో ఇక ఉండలేక డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, పురుగులను చంపింది మందు కాదు, సీసాల్లో మిగిలిన సబ్బేమోనని అంతా చెప్పేసింది.

"మందు పోయని గుంటల్లో పురుగులు బాగానే ఉన్నాయి కదా?" అంది డాక్టరమ్మ.

"వాటికి ఉత్త ద్రవం ప్లాస్టిక్ సీసాల్లోంచి పోస్తారు కదమ్మా. ఆ సీసాలు నా చేతికి రావు."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "రంగు నేనూ చూశాను. మందు రంగే అనుకున్నాను." నురగక్క వైపు తిరిగి అడిగింది. "మిగతా నాలుగుసార్లు జాడించడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఒక్క నిమిషం అమ్మా."

ఆమె తిట్టినా బాగుండేదనిపించింది నురగక్కకు.

కొత్త సీసాలతో పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేశారు. పది రోజుల తర్వాత చూస్తే పురుగులు హాయిగా పెరుగుతున్నాయి. ఎనిమిది గుర్రాల ఏర్పాటు ఆగిపోయింది. నురగక్క ఆ సంగతి ఫోన్‌లో చెప్పలేక, సెలవు పెట్టి అన్నయ్య దగ్గరికి వెళ్లింది.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే దానికి ఆ మందన్నా పడేది" అన్నాడతను, తడిగడ్డి కట్ట విసిరేసి.

"పని చెయ్యని మందు అన్నయ్యా."

"అది నాకు తెలియకుండా ఉండేది కదా!"

పదిహేను రోజులకు చుక్క పడిపోయి మరి లేవలేదు. పశువుల డాక్టర్ వచ్చి బాధ తెలియకుండా సూది వేశాడు. నురగక్క గేటు దగ్గర నిలబడే ఉంది. అన్నయ్య ఆమె వైపు కన్నెత్తి చూడలేదు. తర్వాత ఐదు నెలలు మాటల్లేవు. నురగక్క ఉద్యోగం పోలేదు గానీ, కడిగిన ప్రతి సీసానూ వెలుగుకు పెట్టి రెండేసి సార్లు చూసుకోవడం అలవాటైపోయింది. డాక్టరమ్మ ఇంకో మందు మొదలుపెట్టిందని తెలిసినా, ఎలా ఉందని ఆమె అడగలేదు.

ఒక మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు. కుశలప్రశ్నలేమీ లేవు.

"ఇంకో గుర్రం తూలుతోంది. మీ డాక్టరమ్మ రక్తం చూస్తుందా?"

"తీసుకురా. నేనే దగ్గరుండి చూపిస్తాను."

"రేపు పొద్దున్నే వస్తా" అని పెట్టేశాడు. చెల్లీ అని మాత్రం పిలవలేదు.