మా వెబ్‌సైటుకు చిలప పరీక్ష

కరోనా తగ్గిన రెండో ఏడు శ్రావణంలో, మా నేత సంఘం మొదటి వెబ్‌సైటుకు హోస్టింగ్ కంపెనీని ఎంచే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను నూలు స్టోరు ఇన్‌చార్జిని. నా చదువు మూడో తరగతి. అప్పగించింది గౌరవంతో కాదు, కోపంతో.

మాది కరీంనగర్ వైపు సాంచెల ఊరు. సాంచె అంటే మరమగ్గం. సంఘంలో అధ్యక్షుడు, ఆయన కింద కార్యదర్శి, ఆ కింద డైరెక్టర్లు. స్టోరు ఇన్‌చార్జి అందరికంటే కింద. అయితే ఒక నిబంధన ఉండేది. బయటి నుంచి ఏది తీసుకున్నా స్టోరు సంతకం లేనిదే బిల్లు పాసు కాదు. కార్యదర్శి రాజేశం తన సడ్డకుని, అంటే తోడల్లుని, కంపెనీ కాగితం తెచ్చి కమిటీ ముందు పెట్టిన రోజు నేను సంతకం చెయ్యలేదు.

“పెద్దమ్మా, గిది నూలు గాదు, రంగు గాదు. కంటికి కనవడేదే గాదు. నీకేం సమజైతది?” అన్నాడు.

“కంటికి కనవడని దాన్నే జర ఎక్కువ సూడాలె. మూడు కొటేషన్లు ఏవి?” అన్నాను.

డైరెక్టర్లు నవ్వారు. రాజేశం నవ్వలేదు. “అయితే నువ్వే తే పో. నెల దినాలే ఉన్నయి. ఆర్డరు వోతే సాంచెలు బంద్ వెట్టి అందరం నీ ఇంటి ముంగట కూసుంటం” అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. హైదరాబాదులో బట్టల దుకాణాలకు సరుకు కొనే మేడమ్ ఒకామె మా టవళ్ళు, దుప్పట్లు చూసి మెచ్చింది. డిజైన్లన్నీ వెబ్‌సైటులో పెట్టండి, నెల తర్వాత తెరిచి చూసి ఆర్డరు చెప్తానన్నది. అది వస్తే చలికాలం దాటేదాకా సాంచెలు ఆడతాయి. రాకపోతే వారంలో సగం రోజులు చేతులు కట్టుకొని కూర్చోవడమే.

ఇందులో ఉండేవి రెండు వస్తువులు. ఒకటి పేరు. జనం ఫోనులో కొట్టే చిరునామా, దాన్ని డొమైన్ అంటారు. రెండోది జాగా. రాత్రింబగళ్ళు ఆగకుండా నడిచే ఎవరిదో కంప్యూటరులో మన బొమ్మలు, వివరాలు ఉంచుకునే అద్దె చోటు. అదే హోస్టింగ్. మా కంప్యూటర్ ఆపరేటరు లావణ్యకు ఈ రెండింటినీ విడదీసి చెప్పడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. విడిపోయాక నేను అడిగిన మొదటి ప్రశ్న, పేరు ఎవరి పేరు మీద ఉంటుంది అని.

అడగడానికి కారణం ఉంది. అంతకు చాలా ఏళ్ళ ముందు మా టవళ్ళ అంచున కుట్టే మార్కు గుడ్డను ఒక షావుకారు అచ్చు వేయించి ఇచ్చేవాడు. ఆయనతో తెగిపోయాక అచ్చు ఆయన దగ్గరే ఉండిపోయింది. మా మార్కుతో ఎవరో నేసిన నాసిరకం గుడ్డ అమ్ముకున్నాడు. మా పేరు మేమే మార్చుకోవలసి వచ్చింది. అప్పుడు ఊరుకున్నాను. రెండోసారి ఊరుకోదలచుకోలేదు.

రాజేశం సడ్డకుని కాగితంలో డొమైన్ వాళ్ళ కంపెనీ పేరు మీద ఉంది. మొదటి ఏడు దాదాపు ఉచితమే. రెండో ఏటి రేటు అడుగున సన్న అక్షరాల్లో ఉంది. జాగా ఎంతంటే అన్‌లిమిటెడ్ అని రాశారు.

“అన్‌లిమిటెడ్ అంటే హద్దు లేనిది అవ్వా” అన్నది లావణ్య.

“హద్దురాయి లేని చెలక ఎవరిదే బిడ్డా? బలమున్నోనిది” అన్నాను.

లావణ్య మరో రెండు కంపెనీలను వెతికింది. ఒకటి టీవీలో కూడా ప్రకటన వచ్చే పెద్దది. ఇంకొకటి నేనెన్నడూ పేరు వినని మధ్యరకం. మాటలు మూడింటివీ తియ్యగానే ఉన్నాయి. అందుకని రంగుల అద్దకం వాళ్ళను పెట్టుకునేటప్పుడు నేను చేసే పరీక్షే ఇక్కడా పెట్టాను.

చిలప అంటే నూలు కట్ట. కొత్త అద్దకం మనిషికి మొదట ఒక్క చిలప ఇచ్చేదాన్ని. మర్నాడు పోయి, రంగు వెయ్యొద్దు, నా చిలప నాకు ఇచ్చెయ్యి అనేదాన్ని. గొణుక్కుంటూనైనా తూకం తగ్గకుండా తెచ్చిచ్చేవాడు పనికొచ్చేవాడు. రేపు రా, ఎల్లుండి రా అనేవాడు ఎంత మంచి ఎరుపు అద్దినా పనికిరాడు. రంగు బాగుందో లేదో ఎవరైనా చూడగలరు. ఇచ్చిన సరుకు తిరిగి వస్తుందో రాదో ముందే చూడాలి.

మూడు కంపెనీల దగ్గరా తాత్కాలిక చిరునామాతో ఒక్కొక్క పేజీ పెట్టించాను. ఒకే టవలు బొమ్మ, నాలుగు ముక్కల వివరం. నాలుగో రోజు ఆదివారం. అందరూ భోజనానికి కూర్చునే వేళ లావణ్యతో మూడు చోట్లకూ ఫోను చేయించి, మా పేజీ మాకు తిరిగి ఇవ్వండి, వేరే చోట పెట్టుకుంటాం అని అడిగించాను.

రాజేశం సడ్డకుడు వెంటనే ఎత్తాడు. “ఎందుకమ్మా, మా తాననే ఉంటది గదా. మన ఇంటోళ్ళమే. ఫికర్ చెయ్యకున్రి” అన్నాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఫికర్ చెయ్యొద్దన్నాడు గానీ పేజీ ఇవ్వలేదు. పెద్ద కంపెనీలో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని యంత్రం చెప్పింది. చివరికి ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చింది. మనిషి జవాబు మూడు రోజులకు వచ్చింది. మూడో కంపెనీలో ఒక ఆమె ఎత్తింది. అమ్మా అనలేదు, తీపి లేదు. “మమ్మల్ని అడగక్కర్లేదండి. కాపీ మీరే దింపుకోవచ్చు” అని ఎక్కడ నొక్కాలో చెప్పింది. ఘడియలో మా పేజీ లావణ్య పెన్‌డ్రైవులో ఉంది.

నేను ఫోను అందుకొని, మీ మిషను ఎన్నడూ ఆగదా అని అడిగాను. “ఆగుతుంది. ఆగినప్పుడు ఎందుకు ఆగిందో మా సైటులో రాస్తాం. మేం రోజూ కాపీ తీస్తాం. అయినా మీది మీరు విడిగా ఉంచుకోండి” అన్నది. తన లోపం తానే చెప్పే అద్దకం మనిషిని నా సర్వీసులో ఇద్దరినే చూశాను. ఆమె మూడో మనిషి. సంతకం చేశాను. డొమైన్ మాత్రం పేర్లు అమ్మే వేరే కంపెనీ దగ్గర సంఘం పేరు మీద, సంఘం ఈమెయిలుతో తీసుకున్నాం. డిజైన్లన్నీ లావణ్య సైటులో పెట్టింది.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. సంఘానికి వచ్చే ప్రతి ఉత్తరానికీ ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు వెయ్యాలి, కమిటీ చూశాకనే జవాబు ఇవ్వాలి. మెయిలు కూడా ఉత్తరమే కదా, ప్రింటు తీసి నంబరు వేసి ఫైలులో పెట్టు అని లావణ్యకు నేనే హుకుం వేశాను. ఆ పిల్ల అలాగే చేసింది. అట్లా ఫైలెక్కినవాటిలో ఒకటి డొమైన్ ఇచ్చినవాళ్ళది. ఈ మెయిలు మీదేనని రుజువుకు కింది లింకు పదిహేను రోజుల్లో నొక్కండి, లేకపోతే డొమైన్ ఆపేస్తాం అని అందులో ఉంది. కాగితం మీది లింకును ఎవరు నొక్కగలరు? నంబరు పడింది, దారంతో కుట్టి భద్రంగా ఉంది.

పదహారో రోజు పొద్దున హైదరాబాదు మేడమ్ ఫోను. మీ సైటు తెరుచుకోవడం లేదు, నేను సాయంత్రం లోపల నిర్ణయం చెప్పాలి అన్నది. మధ్యాహ్నం దాకా ఆగమని బతిమిలాడలేదు, ఆగండి అని చెప్పాను.

రాజేశం గడపలోనే నిలబడ్డాడు. “ఏమాయె పెద్దమ్మా, నీ చిలప? మావోణ్ణి వెట్టుకుంటే గీ పరేషాన్ ఉండునా?” అన్నాడు.

లావణ్య హోస్టింగ్ కంపెనీకి ఫోను చేసింది. అప్పటి ఆమే ఎత్తింది. పది నిమిషాలు చూసి, మా మిషను నడుస్తూనే ఉంది, మీ డొమైన్ రుజువు కాలేదు, మీ మెయిలులోకి కొత్త లింకు తెప్పించుకొని నొక్కండి అని దారి చెప్పింది. తప్పు తనది కాదని తెలిశాక కూడా ఫోను పెట్టెయ్యలేదు. లావణ్య ఈసారి ప్రింటు తియ్యకుండా నొక్కింది. ఒంటిగంట దాటాక టవళ్ళు కనిపించాయి. మేడమ్ అనుకున్నంత ఆర్డరు ఇవ్వలేదు, ముందు టవళ్ళకే ఇచ్చింది. దుప్పట్లు సంక్రాంతి దాటాక అడిగింది. సాంచెలు ఆగలేదు.

“తప్పు నీదే గదా?” అన్నాడు రాజేశం, వదలకుండా.

“నాదే. రాస్కో. ఇన్‌వర్డు నంబరు గూడ ఎయ్యి” అన్నాను.

తర్వాతి కమిటీలో రెండు తీర్మానాలు చేయించాను. మెయిలు వచ్చిన రోజే చదవాలి, కాగితం తర్వాత. నెలకోసారి వెబ్‌సైటు కాపీ స్టోరు బీరువాలోకి రావాలి. రెండింటికీ రాజేశం సంతకం పెట్టాడు.

మొదటిసారి వెబ్‌సైటు పెట్టేవాళ్ళు నన్ను ఇప్పటికీ అడుగుతారు. నేను చెప్పేది ఇంతే. ఎవరు చవక అని తర్వాత చూడండి. ముందు ఇచ్చినదాన్ని తిరిగి అడిగి చూడండి, పేరు మీ పేరు మీద ఉంచుకోండి. ఆ రోజు తప్పు మాదే, పేరూ మాదే. అందుకే మధ్యాహ్నానికి దిద్దుకోగలిగాం. పేరు ఇంకొకరిదైతే, మా తప్పును దిద్దుకోవడానికి కూడా వాళ్ళ గడపలోనే నిలబడేవాళ్ళం.