ఎక్కువ అదిరిన స్పీకర్లు
మనవరాలు అక్షరాలు నేర్పేదాకా నాకు రాయడం రాదు. అందుకే ఈ మాట ఇన్నాళ్లూ నాలోనే ఉండిపోయింది.

బట్ట నేసే సాంచాల మోతకు కార్ఖానాలో అందరం చేతి సైగలతోనే మాట్లాడుకునేవాళ్లం. పోనుపోను మా ఆయనకు ఇంట్లో కూడా మాట వినబడటం తగ్గింది. టేపురికార్డరుకు పెద్ద స్పీకర్లు పెడితే పాటైనా వినబడుతుందేమోనని హన్మకొండలో దుకాణానికి వెళ్లాం. ఆయన ఒక్కో డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసి, బాగా అదిరిన జత ఎంచుకున్నాడు.

“గివి వెట్టుకుంటె పక్కింటోళ్లు కొట్లాటకొస్తరన్నా!” అన్నాడు దుకాణదారు. ఆయన బదులు నేను నవ్వాను.

ఇంట్లో ఆయనను రెండు డబ్బాల నడుమ కూర్చోబెట్టి పాట పెట్టాను. గోడ మీది అద్దం అదిరింది.

“పాట ఇంకా వెట్టవేందే?” అన్నాడు.

మర్నాడు పొద్దున, చాయ్ తాగుతావా అని నోటితో అడగలేదు. కార్ఖానాలో లాగే చేత్తో సైగ చేశాను.